డిగ్రీ మధ్యలో మానేసేవాళ్ళ మీద ఎంసీఏ ఫైనల్ ప్రాజెక్ట్: ఎక్కడ మొదలుపెట్టాలి?

కందుకూరు_ఎంసీఏ | డిసెంబర్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది కందుకూరు దగ్గర పల్లె. నెల్లూరులో ఎంసీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. జనవరి నుంచి నాలుగో సెమిస్టర్ అంతా ప్రాజెక్టే. 20వ తేదీ లోపు సినాప్సిస్, అంటే ప్రాజెక్టు ఏమిటో క్లుప్తంగా రాసిన కాగితం ఇవ్వాలి. మా క్లాసులో చాలామంది హైదరాబాదు నుంచి రెడీమేడ్ ప్రాజెక్టులు తెప్పించుకుంటున్నారు. నాకు అది ఇష్టం లేదు.

డిగ్రీలో నా పక్క బెంచీలో ఒక స్నేహితుడు ఉండేవాడు. లెక్కల్లో నాకంటే చురుకు. మొదటి సెమిస్టర్ పరీక్షలు రాశాడు, సంక్రాంతి తర్వాత మళ్ళీ రాలేదు. ఇప్పుడు చెన్నైలో హోటల్లో పని చేస్తున్నాడు. ఎందుకు మానేశావురా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

అందుకే డిగ్రీ మధ్యలో మానేసేవాళ్ళ మీద చేద్దామనుకుంటున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని అన్ని డిగ్రీ కాలేజీల అటెండెన్స్, మార్కులు తీసుకుని, ఎవరు మానేయబోతున్నారో ముందే చెప్పే యాప్ చేయాలని ఆలోచన. పాత డేటా చూసి కంప్యూటరే నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ వాడతాను. ఎలా ఉంది? మొహమాటం లేకుండా చెప్పండి.

పెన్నా_ఒడ్డున | డిసెంబర్ 7, రాత్రి 10:25

తమ్ముడూ, నేనూ నెల్లూరులోనే ఎంసీఏ చేశాను, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. నీ ఉద్దేశం చాలా మంచిది. రెండు జిల్లాలన్నావు చూడు, అక్కడే దెబ్బ తింటావు. ఆ డేటా నీకు ఎవరిస్తారు? ఒక్కో కాలేజీలో ప్రిన్సిపాల్ అనుమతికే నెల పడుతుంది. నీకున్నవి నాలుగు నెలలు.

ఒక కాలేజీ, ఒక గ్రూపు, ఒక సంవత్సరం. అంతకు మించి పెట్టుకోకు. ఇక మెషిన్ లెర్నింగ్ సంగతి. యాభై అరవై మంది పేర్లతో మోడల్ కట్టినా అది ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి ఒక పిల్లవాడి మీద 'వీడు మానేస్తాడు' అని ముద్ర వేయడం నాకు భయంగా ఉంటుంది. ముందు మామూలు లెక్క చెయ్యి.

ఒంగోలు_బస్టాండ్ | డిసెంబర్ 8, ఉదయం 7:15

మీ గైడ్‌ను అడిగావా? మా బ్యాచ్‌లో ఒకతను మంచి టాపిక్ తీసుకున్నాడు, ఊళ్ళు తిరిగాడు, కానీ రిపోర్టులో డిజైన్, టెస్టింగ్ చాప్టర్లు పలచగా వచ్చాయి. వైవాలో, అంటే నోటి పరీక్షలో, అవే అడిగారు. మార్కులు బాగా తగ్గాయి. నీది ఎంసీఏ కాబట్టి సాఫ్ట్‌వేర్ భాగం తప్పనిసరిగా ఉండాలి. ఎంత చిన్నదైనా పనిచేసేది ఉండాలి. ఈ మాట మొదట్లోనే గైడ్‌తో తేల్చుకో.

ఆఫీసు_రిజిస్టర్ | డిసెంబర్ 8, ఉదయం 11:05

అబ్బాయి, నేను డిగ్రీ కాలేజీ ఆఫీసుల్లో పనిచేసి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా నామినల్ రోల్స్, అంటే పరీక్షకు ఫీజు కట్టినవాళ్ళ పేర్ల జాబితాలు, తిరుపతికి, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీకి పోయేవి. ప్రకాశం వాళ్ళవి నాగార్జునకు పోయేవి. తర్వాత 2008లో కాకుటూరులో విక్రమ సింహపురి వచ్చింది, 2022లో ఒంగోలులో ఆంధ్రకేసరి వచ్చింది. యూనివర్సిటీలు మారినా కాలేజీ ఆఫీసులో పుస్తకాలు మాత్రం అవే. నీకు కావలసింది వాటిలోనే ఉంది.

నువ్వు 'మానేసినవాళ్ళు' అంటున్నావు. ఎవరు మానేసినట్టు? ముందు అది తేల్చు. ఆఫీసుకు పోయి పోయిన ఏడాది ఫస్టియర్ బ్యాచ్‌ది ఇవి అడుగు: అడ్మిషన్ రిజిస్టర్, టీసీ పుస్తకం, పరీక్ష ఫీజు కట్టినవాళ్ళ నామినల్ రోల్, పరీక్ష హాల్లో సంతకాలు పెట్టిన డి-ఫారాలు, రెండో సెమిస్టర్ అటెండెన్స్ రిజిస్టర్. పేర్లు పక్కపక్కన రాసుకుంటూ పో. ఎవరు ఎక్కడ జారిపోయారో నీకే కనిపిస్తుంది.

టీసీ తీసుకుని పోయినవాళ్ళను మానేసినవాళ్ళలో కలపొద్దు. ఆఖరి విడత కౌన్సెలింగులో సీటొచ్చి ఇంకో కోర్సుకు పోయేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ళు చదువుతూనే ఉన్నారు. టీసీ తీసుకోకుండా, ఎవరికీ చెప్పకుండా పోయేవాళ్ళే మన పిల్లలు. ఫీజు కట్టి కూడా పరీక్షకు రానివాళ్ళు ఉంటారు, వాళ్ళను విడిగా రాసుకో. ఇంట్లో వాళ్ళకు చదివించాలనే ఉంది కాబట్టే ఆ ఫీజు కట్టారు.

ఇంకొక మాట. సోమవారం పొద్దున్నే పోవద్దు. ఆఫీసులో ఊపిరాడదు. మధ్యాహ్నం మూడు తర్వాత పో. రిజిస్టర్ ఫొటోలు తియ్యొద్దు, అక్కడే కూర్చుని రాసుకో.

ఉదయగిరి_దుర్గం | డిసెంబర్ 8, రాత్రి 8:50

నేను ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఆఫీసు_రిజిస్టర్ గారు చెప్పిన పద్ధతి అక్షరాలా సరైనది. మేము క్లాసులో 'ఈమధ్య పలచబడ్డారు' అనుకుంటాం కానీ ఎవరు, ఎప్పుడు అని ఎవరం రాసిపెట్టుకోము. అందులో నా తప్పూ ఉంది.

నాకు కనిపించే కారణం ఒకటి చెబుతాను. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అయింది. మా దగ్గరికి వచ్చే పిల్లలు ఇంటర్ వరకు చిట్టా, ఆవర్జా, అంకణా, తరుగుదల, ఆస్తి అప్పుల పట్టీ అని చదువుకున్నవాళ్ళు. ఇక్కడికి వచ్చేసరికి జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, డిప్రీసియేషన్, బ్యాలెన్స్ షీట్. విషయం వాళ్ళకు తెలుసు. పేరు మారేసరికి అంతా కొత్తది అనుకుని బెదిరిపోతారు. ఒక అమ్మాయి రెండు నెలలు నోరు విప్పలేదు. ఒకరోజు 'లెడ్జర్ అంటే ఆవర్జానే తల్లీ' అంటే ఆ పిల్ల ముఖం చూడాలి! మర్నాటి నుంచి ముందు బెంచీలో కూర్చుంది.

అయినా ఇది నా క్లాసులోంచి కనిపించేది మాత్రమే. మానేసినవాళ్ళు నా క్లాసులో ఉండరు కదా. వాళ్ళనే అడగాలి.

వింజమూరు_అమ్మాయి | డిసెంబర్ 9, ఉదయం 6:30

నేను అలా మానేసినదాన్నే. తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేశాను కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాను.

మా ఊరికి పల్లెవెలుగు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కాలేజీ నాలుగున్నరకు వదిలితే బస్సు నాలుగింటికే పోయేది. ఆఖరి పీరియడ్ రోజూ పోగొట్టుకునేదాన్ని. ఆఖరి పీరియడ్ అకౌంటెన్సీ. అటెండెన్స్ తగ్గింది, ఇంట్లో భయపడ్డారు, నేనూ భయపడ్డాను. ఒకరోజు మానేశాను. పెద్ద నిర్ణయం ఏమీ తీసుకోలేదు. ఒకరోజు పోలేదు, మర్నాడు పోలేదు, వారం తర్వాత పోవడానికి సిగ్గేసింది.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయింది. చాలా మంచి పని. మా చెల్లెలికి నెలకు పాస్ డబ్బులు మిగులుతున్నాయి. కానీ నాలుగింటి బస్సు మాత్రం నాలుగింటికే పోతోంది.

అన్నా, ఎవరికైనా ఫోన్ చేసేటప్పుడు 'ఎందుకు మానేశావు' అని మొదలుపెట్టొద్దు. నన్ను ఎవరైనా అలా అడిగితే ఫోన్ పెట్టేసేదాన్ని. 'ఆఖరిసారి కాలేజీకి వచ్చిన రోజు ఏం జరిగింది' అని అడగండి. ఆ రోజు అందరికీ గుర్తుంటుంది.

కందుకూరు_ఎంసీఏ | డిసెంబర్ 9, రాత్రి 10:10

అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పినట్టే అడుగుతాను.

ఆఫీసు సార్‌కు, మేడంకు, పెన్నా అన్నకు కృతజ్ఞతలు. సినాప్సిస్ మారుస్తున్నాను. ఒక కాలేజీ, బీకాం ఒక సెక్షన్, పోయిన ఏడాది ఫస్టియర్. నేను చదివిన కాలేజీనే కాబట్టి ప్రిన్సిపాల్ సార్ ఒప్పుకున్నారు, లెటర్ తెమ్మన్నారు.

మూలాపేట_నుంచి | డిసెంబర్ 10, ఉదయం 5:20

నెల్లూరు మూలాపేట మాది. పదిహేనేళ్ళుగా అమెరికాలో యూనివర్సిటీ ఆఫీసుల్లో పని. ఇక్కడ ఇదే సమస్య మీద జరిగిన మూడు ప్రయత్నాలు నీకు పనికొస్తాయి.

మొదటిది పర్డ్యూ యూనివర్సిటీది. 2007 ప్రాంతంలో కోర్స్ సిగ్నల్స్ అని పెట్టారు. విద్యార్థి పరిస్థితిని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలు చూపించేది. రెండు, అంతకంటే ఎక్కువ కోర్సుల్లో దాన్ని వాడినవాళ్ళు చదువులో బాగా నిలబడ్డారని చెప్పారు, ఎంతో పేరొచ్చింది. 2013లో బయటివాళ్ళు ఆ లెక్కను ప్రశ్నించారు. మధ్యలో మానేసినవాడికి రెండో కోర్సు తీసుకునే అవకాశమే ఉండదు. అలాంటప్పుడు దీపాల వల్ల నిలబడ్డారా, నిలబడ్డవాళ్ళు కాబట్టి ఎక్కువ దీపాలు చూశారా? నీ యాప్ పనిచేసిందని రాసేముందు ఈ ప్రశ్న నిన్ను నువ్వు వేసుకో.

రెండోది జార్జియా స్టేట్ యూనివర్సిటీ. వాళ్ళూ కంప్యూటర్ హెచ్చరికలు పెట్టారు. నాకు నచ్చింది మాత్రం 2011లో మొదలుపెట్టిన చిన్న గ్రాంట్లు. ఫీజులో కొద్దిగా బాకీ ఉండి పేరు కొట్టేయబోతున్న విద్యార్థుల బాకీని వాళ్ళే కట్టేశారు. పిల్లలు అడగకముందే.

మూడోది న్యూయార్క్ నగర యూనివర్సిటీది, ఏశాప్ అంటారు, 2007లో మొదలైంది. దీన్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పరీక్షించారు. మూడేళ్ళలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు ఈ పథకంలో 40 శాతం, మామూలుగా చదివినవాళ్ళలో 22 శాతం. వాళ్ళు ఇచ్చింది ఏమిటంటే ఫీజులో లోటు పూడ్చడం, పుస్తకాలకు సాయం, సిటీ రవాణా పాస్, తరచూ కలిసే ఒక సలహాదారు. వింజమూరు అమ్మాయి రాసిన బస్సు సంగతి చదవగానే నాకు ఆ పాస్ గుర్తొచ్చింది.

పెన్నా_ఒడ్డున | డిసెంబర్ 10, రాత్రి 9:30

ఫోన్ నంబర్ల సంగతి కూడా చూసుకో తమ్ముడూ. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో 18 ఏళ్ళ లోపువాళ్ళు పిల్లల కిందే లెక్క, తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఫస్టియర్‌లో చేరేవాళ్ళు చాలామంది 17లో ఉంటారు. నంబర్లు నీ ఫోన్లో పెట్టుకోవద్దు. కాలేజీ ఫోన్ నుంచి, లెక్చరర్ పక్కన ఉండగా మాట్లాడు. రిపోర్టులో పేర్లు వద్దు, ఊరి పేరు కూడా వద్దు. చిన్న ఊళ్ళో ఊరి పేరు చెబితే మనిషి పేరు చెప్పినట్టే.

కందుకూరు_ఎంసీఏ | డిసెంబర్ 28, మధ్యాహ్నం 2:15

నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని పేర్లు రాసుకున్నాను. చిన్న లెక్కే, ఒక్క సెక్షన్‌దే, కానీ నేను అనుకున్నదానికి పూర్తిగా వేరుగా ఉంది.

అడ్మిషన్ రిజిస్టర్‌లో 52 పేర్లు. మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టినవాళ్ళు 45. పోయిన ఆ ఏడుగురిలో ఆరుగురు టీసీ తీసుకుని వేరే కోర్సులకు పోయారు. సార్ చెప్పినట్టు వాళ్ళను తీసేశాను. పరీక్ష రాసినవాళ్ళు 41. సంక్రాంతి తర్వాత రెండో సెమిస్టర్‌కు వచ్చినవాళ్ళు 34. అంటే పరీక్ష రాసి కూడా ఏడుగురు రాలేదు. అటెండెన్స్ తగ్గుతూ తగ్గుతూ మానేస్తారని నేను అనుకున్నాను. ఈ ఏడుగురిలో ఐదుగురికి మొదటి సెమిస్టర్ అటెండెన్స్ బాగానే ఉంది. నా యాప్ చేసి ఉంటే ఈ ఐదుగురికీ ఆకుపచ్చ దీపమే చూపించేది.

టీసీ లేకుండా పోయినవాళ్ళు మొత్తం 12 మంది. కాలేజీ ఫోన్ నుంచి మా లెక్చరర్ పక్కన కూర్చోగా ముందు ఇంట్లో పెద్దవాళ్ళతో, వాళ్ళు సరే అన్నాక పిల్లలతో మాట్లాడాను. ఐదు నంబర్లు పనిచేయలేదు. ఏడుగురు దొరికారు. ఒకమ్మాయికి పెళ్ళయింది. ఇద్దరు అకౌంటెన్సీ పోతుందని భయపడ్డారు, ఆ ఇద్దరిలో ఒకరు పాసయ్యారు, ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. ఒకరికి బస్సు. మిగిలిన ముగ్గురిదీ పొగాకు పని.

పొగాకు సంగతి మా ఊళ్ళో పుట్టిన నాకే తట్టలేదు. జనవరి నుంచి మార్చి దాకా మా వైపు ఆకు కోత, బ్యారన్లలో ఆకు కాల్చే పని. ఇంట్లో కూలీ ఖర్చు తగ్గాలంటే పిల్లలు దిగాల్సిందే. రెండో సెమిస్టర్ కూడా సరిగ్గా అప్పుడే. ఒకబ్బాయి అన్న మాట అలాగే రాస్తున్నాను: 'నెల తర్వాత వద్దామనుకున్నాను అన్నా. అప్పటికి పేరు తీసేసుంటారనుకున్నా.'

పేరు తీసేయలేదు. రిజిస్టర్‌లో ఇంకా ఉంది. నేనే చూశాను.

ఇంకొకటి. ఏడుగురినీ అడిగాను, కాలేజీ నుంచి ఎవరైనా ఫోన్ చేశారా అని. ఎవరూ చేయలేదు. నాదే మొదటి ఫోన్. నా స్నేహితుడు మానేసింది కూడా సంక్రాంతి తర్వాతే. నిన్న రాత్రి వాడికి ఫోన్ చేశాను.

ఉదయగిరి_దుర్గం | డిసెంబర్ 28, సాయంత్రం 6:40

'నాదే మొదటి ఫోన్' అన్నచోట ఆగిపోయాను బాబూ. ఇన్నేళ్ళలో నేను కూడా చేయలేదు. రేపటి నుంచి చేస్తాను.

ఆ అబ్బాయికి ఎవరూ చెప్పని విషయం ఇది. 75 శాతం అటెండెన్స్ కావాలి నిజమే. కాస్త తగ్గితే కారణం చూపి, రుసుము కట్టి కండొనేషన్, అంటే ఆ లోటుకు మినహాయింపు, తీసుకునే వీలు ఉంది. 65 లోపు పడిపోతే మాత్రం కష్టం. కాబట్టి నెల తర్వాత కాకుండా రెండో వారంలోనే పిల్లవాడికి కబురు అందాలి. పనికి పోవద్దని మనం చెప్పలేం. వారానికి ఎన్ని రోజులు వస్తే గట్టెక్కుతాడో లెక్క చెప్పగలం.

ఆఫీసు_రిజిస్టర్ | డిసెంబర్ 28, రాత్రి 7:55

అబ్బాయి, నీ ప్రాజెక్టు నీకు దొరికింది. పేర్లు పోల్చే పని నువ్వు నాలుగు మధ్యాహ్నాలు చేశావు. ఆఫీసులో ఉన్న ఒక్క మనిషికి ప్రతి వారం అది చేసే తీరిక ఉండదు. అది కంప్యూటర్ చేస్తే చాలు. సోమవారం పొద్దున ఒక కాగితం రావాలి: పోయిన వారం ఒక్కరోజు కూడా రానివాళ్ళు వీళ్ళు, వీళ్ళ ఇంటి నంబర్లు ఇవి. అంతే. రంగు దీపాలు వద్దు.

పెన్నా_ఒడ్డున | డిసెంబర్ 28, రాత్రి 11:00

సార్ చెప్పింది చాలా బాగుంది. సాఫ్ట్‌వేర్‌గా చూస్తే చిన్నదే, అయినా రిపోర్టుకు కావలసినవన్నీ వస్తాయి. ఒకే మనిషి పేరు అడ్మిషన్‌లో ఒకలా, నామినల్ రోల్‌లో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు ముందు, వెనుక, పొట్టి అక్షరాలు, స్పెల్లింగు తేడాలు. వాటిని సరిగ్గా కలపడమే నీ అసలు సాంకేతిక సమస్య. టెస్టింగ్ చాప్టర్ అంతా దాని మీద రాయొచ్చు. ఒంగోలు మిత్రుడు మొదట్లో చెప్పిన భయం కూడా తీరుతుంది.

ఫలితం ఎలా కొలుస్తావు? సగం మందికి ఫోన్ చేసి సగం మందికి చేయకుండా చూస్తే లెక్క గట్టిగా వస్తుంది.

ఉదయగిరి_దుర్గం | డిసెంబర్ 29, ఉదయం 7:05

దానికి నేను ఒప్పుకోను. ఫోన్ చేస్తే వస్తాడని తెలిసిన పిల్లవాడికి లెక్క కోసం ఫోన్ చేయకుండా ఉండటం నా వల్ల కాదు.

మూలాపేట_నుంచి | డిసెంబర్ 29, రాత్రి 8:00

మేడం, వస్తాడో రాడో మనకు నిజంగా తెలియదు కాబట్టే న్యూయార్క్‌లో లాటరీ వేశారు. అయినా ఒకే సెక్షన్‌లో పక్కపక్క బెంచీల పిల్లల మధ్య అది కుదరదు, మీరన్నదే సరి. పోయిన ఏడాది బ్యాచ్‌తో పోల్చి, 'ఇది బలహీనమైన పోలిక, ఈ ఏడాది వేరే కారణాలు కూడా ఉండవచ్చు' అని రిపోర్టులో స్పష్టంగా రాస్తే చాలు. వైవాలో అడిగితే ఆ మాటే చెప్పు.

కందుకూరు_ఎంసీఏ | ఫిబ్రవరి 14, రాత్రి 9:20

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. సంక్రాంతి సెలవుల తర్వాత రెండో వారం నుంచి లిస్టు తీస్తున్నాం. గైడ్ మేడం మొదట యాప్ లేదేమని అడిగారు. 52, 45, 41, 34 బోర్డు మీద రాసి చూపించాను. తర్వాత ఇంకేమీ అడగలేదు, సంతకం పెట్టారు.

ఇప్పటికి లిస్టులోకి తొమ్మిది పేర్లు వచ్చాయి. అందరికీ లెక్చరర్లే ఫోన్ చేశారు. నలుగురు తిరిగి వస్తున్నారు. అందులో ఇద్దరు వారానికి మూడు రోజులు కాలేజీకి, మిగతా రోజులు బ్యారన్‌కు. ఒకరు రెండు రోజులు వచ్చి మళ్ళీ ఆగిపోయారు. ఇద్దరి నంబర్లు కలవలేదు. ఒకమ్మాయి వాళ్ళ నాన్న ఇక పంపను అన్నారు. ఇంకొకరు ఆలోచిస్తానన్నారు. నలుగురే అని మొదట దిగులేసింది. మా లెక్చరర్ మాత్రం 'పోయినేడు ఒక్కరూ రాలేదు' అన్నారు.

ఉదయగిరి మేడం పంపిన తెలుగు, ఇంగ్లీషు అకౌంటెన్సీ మాటల పట్టిక జిరాక్స్ తీసి క్లాసులో అందరికీ ఇచ్చాం.

వింజమూరు_అమ్మాయి | ఫిబ్రవరి 14, రాత్రి 10:45

ఆ పట్టిక నాకూ పంపండి అన్నా. మా చెల్లెలికి కావాలి. నాన్న పంపను అన్న అమ్మాయి ఇంట్లో అమ్మతో ఎవరైనా మాట్లాడారా? వాళ్ళు ఒప్పుకుని, మేడం ఎవరైనా కలిపిస్తే ఆ అమ్మాయితో నేను మాట్లాడతాను. ఓపెన్ యూనివర్సిటీ దారి ఒకటుందని కనీసం తెలుస్తుంది.

ఆఫీసు_రిజిస్టర్ | ఫిబ్రవరి 15, ఉదయం 9:10

అబ్బాయి, రెండో సెమిస్టర్ పరీక్ష ఫీజు నోటీసు వచ్చే రోజు కనిపెట్టుకుని ఉండు. క్లాసుకు వస్తున్నవాళ్ళు బోర్డు మీద చూసుకుంటారు. బ్యారన్ దగ్గర ఉన్నవాడికి ఎవరు చెబుతారు? ఆలస్యమైతే అపరాధ రుసుం, అదీ దాటితే ఆ పేపర్లన్నీ పోయినట్టే. నీ లిస్టులోని తొమ్మిది పేర్లు పట్టుకుని ఆఫీసుకు పో. నామినల్ రోల్ పంపేముందు ఒక్కసారి చూపించమని అడుగు. ఏ పేరు లేదో చూడు.

కందుకూరు_ఎంసీఏ | ఫిబ్రవరి 15, ఉదయం 9:35

వెళ్తాను సార్. సోమవారం కాకుండా మంగళవారం, మూడు తర్వాత.